ఒకసారికి ఒక్క మార్పే: మా మొక్కల అక్వేరియం నేర్పిన డీబగ్గింగ్

పోయిన సెమిస్టర్ సెలవుల్లో బాగుచేద్దామనుకుని ఏడు గప్పీలను చంపేశాను. ఈ వ్యాసం ఆ తప్పు గురించీ, ఆ తర్వాత నేర్చుకున్న విషయాల గురించీ. నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు, తప్పులుంటే సర్దుకుపోండి.

విజయవాడలో మా ఇంటి హాల్లో రెండడుగుల ట్యాంకు ఉంది. సుమారు 55 లీటర్ల నీళ్లు పడతాయి. ఇంటర్ చదివే మా చెల్లి కోసం పెట్టాం. అందులో వాలిస్నేరియా, హైగ్రోఫిలా, ఒక జావా ఫెర్న్, ఎనిమిది గప్పీలు. పెట్టిన రెండు నెలలకి నేను సెలవులకి ఇంటికి వెళ్లేసరికి అద్దం మీద గోధుమరంగు పొర పట్టింది. హైగ్రోఫిలా కింది ఆకులు పండిపోయాయి. "అన్నయ్యా, నువ్వు ఇంజనీర్‌వి కదా, చూడు" అంది చెల్లి.

చూశాను. ఒకే ఆదివారం అయిదు పనులు చేశాను. ఫిల్టర్ స్పాంజ్‌ని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండి కడిగాను. 80 శాతం నీళ్లు మార్చాను. మొక్కల ఎరువు రెట్టింపు వేశాను. లైటు 12 గంటలకి పెంచాను. ట్యాంకు కళకళలాడాలని ఇంకో నాలుగు గప్పీలు తెచ్చి వదిలాను. బుధవారానికి పన్నెండింట్లో ఏడు పోయాయి. "దేనివల్ల చచ్చిపోయాయి?" అని చెల్లి అడిగితే నా దగ్గర జవాబు లేదు. అయిదు మార్పులు ఒకే కమిట్‌లో తోసేశాక బగ్ ఏ లైన్లో ఉందో ఎవడు చెప్పగలడు?

భీమవరం దగ్గర చేపల చెరువులు చేసే మా మావయ్యకి ఫోన్ చేశాను. అంతా విని ఒకే ప్రశ్న వేశాడు: "ఏరా అల్లుడూ, ఏ రోజు ఏం చేశావో రాసుకున్నావా?" లేదన్నాను. "రాయకపోతే రేపు మళ్లీ అదే తప్పు చేస్తావు. ఎకరాల చెరువుకే పుస్తకం పెడతాం, నీ గాజుపెట్టెకి పెట్టలేవా?" అన్నాడు.

అప్పట్నుంచి నేను పాటించే వరస ఇది: ముందు చేపలు, తర్వాత మొక్కలు, ఆఖర్న పాచి. ఎందుకంటే చేపకి ఉండే టైము గంటల్లో, మొక్కకి వారాల్లో. పాచి వల్ల ఎక్కువసార్లు పోయేది అందమే.

1. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే

ముందు టైము చూడండి. తెల్లవారుజామున మాత్రమే అలా చేసి, లైటు వేసిన కాసేపటికి మామూలైపోతే ఆక్సిజన్ తక్కువైందని అనుమానించాలి. మొక్కలు పగలు ఆక్సిజన్ ఇస్తాయి గానీ రాత్రంతా అవి కూడా పీల్చుకుంటాయి. మావయ్య వాళ్లు చెరువుల్లో తెల్లవారుజామున ఏరేటర్లు తిప్పేది ఇందుకే. ఇంట్లో అయితే రాత్రిపూట ఒక ఎయిర్ పంప్ చాలు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది కాబట్టి మన ఎండాకాలంలో ఇంకా జాగ్రత్త అవసరం.

రోజంతా అలాగే ఉంటే అమ్మోనియా లేదా నైట్రైట్ అయ్యుండొచ్చు. చేపల వ్యర్థాలు, మిగిలిపోయిన మేత కుళ్లితే అమ్మోనియా వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకి విషం. మూడోది మితంగా ఉంటే మొక్కకి ఎరువు. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అవి ఎక్కువగా కాపురం ఉండేది ఫిల్టర్ స్పాంజ్‌లోనే. నేను క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో కడిగేసింది వాటినే. మురికి అనుకున్నది మా ట్యాంకుకి ప్రాణం అన్నమాట.

బుధవారం సాయంత్రం కొన్న టెస్ట్ కిట్ అమ్మోనియా 2 పీపీఎం చూపించింది. ఉండాల్సింది సున్నా. పైగా నీళ్ల పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. స్పాంజ్ కడగడం వల్ల ఎంత, కొత్త చేపల భారం వల్ల ఎంత అన్నది మాత్రం ఏ కిట్టూ చెప్పదు.

వెంటనే చేయాల్సింది: మేత ఆపండి. 30 నుంచి 50 శాతం నీళ్లు మార్చండి. కొత్త నీళ్లు ట్యాంకు నీళ్లంత వెచ్చగానే ఉండాలి, అందులో యాంటీ క్లోరిన్ చుక్కలు కలపాలి. ఎయిర్ పంప్ వేయండి. రోజూ టెస్ట్ చేస్తూ, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చేదాకా అవసరమైనప్పుడల్లా నీళ్లు మార్చండి. స్పాంజ్‌ని ఎప్పుడూ ట్యాంకులోంచి తీసిన బకెట్ నీళ్లలోనే మెల్లగా పిండాలి.

2. మొక్కలు పాడవుతుంటే

ముందు ఏ ఆకు పాడైందో చూడండి, పాతదా కొత్తదా అని. కొన్ని పోషకాలను మొక్క పాత ఆకుల్లోంచి లాగి కొత్త చిగుళ్లకి పంపగలదు. అలాంటివి తక్కువైతే ముందు దెబ్బతినేది పాత ఆకులే. కింది ఆకులు మొత్తం పసుపుబారితే నైట్రోజన్ లోటు కావచ్చు. పాత ఆకుల్లో సూదితో గుచ్చినట్టు చిల్లులు పడితే పొటాషియం లోటు కావచ్చు. ఐరన్ అలా కదలదు. అది తక్కువైతే కొత్త చిగురు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి.

ఎరువు సీసా తీసేముందు ఇంకో రెండు చూడాలి. ఒకటి, చాలా నర్సరీల్లో ఈ మొక్కల్ని ఆకులు నీళ్ల పైన ఉండేలా పెంచుతారు. మన ట్యాంకులో ముంచగానే ఆ పాత ఆకులు కరిగిపోవడం మామూలే. చిగురు బాగుంటే మొక్క బతికినట్టే. రెండు, జావా ఫెర్న్, అనుబియాస్ లాంటివాటి అడ్డంగా పాకే కాండాన్ని ఇసుకలో పూడ్చకూడదు, కుళ్లిపోతుంది. రాయికో కర్రకో దారంతో కట్టాలి. మా జావా ఫెర్న్ ఎదగకపోవడానికి కారణం ఇదే. నేనేమో దానికి రెట్టింపు ఎరువు పోశాను!

ఎరువు మారిస్తే రెండు వారాలు ఆగండి. చిల్లు పడిన ఆకు మళ్లీ పూడదు కాబట్టి దాన్ని చూసి లాభం లేదు. మార్పు తర్వాత పుట్టిన ఆకు ఎలా ఉందో అదే మీ టెస్ట్ రిజల్ట్.

3. పాచి పడుతుంటే

పాచిలో రకాలున్నాయి. వేలితో తుడిస్తే పోయే గోధుమరంగు పొర డయాటమ్స్. కొత్త ట్యాంకుల్లో మామూలుగా వస్తుంది, తుడుస్తూ ఉంటే చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. అంటే, ఆ ఆదివారం నేను అద్దం తుడిచి ఊరుకుని ఉంటే సరిపోయేది.

నీళ్లే పచ్చగా మారితే లైటు ఎక్కువైంది, లేదా కిటికీ ఎండ నేరుగా పడుతోంది. మూడు నాలుగు రోజులు ట్యాంకుకి దుప్పటి కప్పి చీకటి చేస్తే చాలాసార్లు తగ్గుతుంది, కానీ ఆ రోజుల్లో ఎయిర్ పంప్ తప్పనిసరి. ఆకుల అంచుల మీద నల్లటి గడ్డంలా పడితే, ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అవుతోందేమో చూడాలి. పాచి ఏదైనా లైటు మాత్రం టైమర్ పెట్టి ఆరు నుంచి ఎనిమిది గంటలకి ఉంచండి. లైటు పెంచితే మొక్కకి ఆకలి పెరుగుతుంది. ఆ ఆకలికి తగ్గ పోషకాలు, కార్బన్ డయాక్సైడ్ అందకపోతే మిగిలిన వెలుతురుని పాచి వాడుకుంటుంది.

ఇక నోట్‌బుక్

మాది 20 రూపాయల లాంగ్ నోట్‌బుక్. నాలుగు గడులు: తేదీ, ఏం కనిపించింది, ఏం మార్చాం, ఎన్ని రోజులు ఆగాలి. చేపల ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప, ఒక మార్పు ఫలితం తేలేదాకా ఇంకో మార్పు చేయకూడదని రూల్. విచిత్రం ఏంటంటే, ఈ రూల్‌తో మొక్కలకంటే ముందు నేనే మారాల్సి వచ్చింది. ఏదైనా తేడాగా కనిపించగానే చెయ్యి పెట్టేయడం నా అలవాటు. ల్యాబ్‌లో అయితే ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంది, మళ్లీ రన్ చేస్తాం. గప్పీని మళ్లీ రన్ చేయలేం.

మిగిలిన అయిదు గప్పీలు బతికాయి. తర్వాత పిల్లలు కూడా పెట్టాయి, వాలిస్నేరియా ఆకుల చాటున తిరుగుతున్నాయి. కానీ చెల్లి చాలా రోజులు నన్ను ట్యాంకు మూత తీయనివ్వలేదు. న్యాయమే అనిపించింది. ఇప్పుడు నేను హాస్టల్లో ఉంటే నోట్‌బుక్ తనే రాస్తోంది. ప్రతి ఆదివారం ఆ పేజీ ఫొటో తీసి పంపుతుంది. పోయిన వారం తన చేతిరాతలో ఇలా ఉంది: "ఫెర్న్‌కి కొత్త ఆకు. అద్దం మీద కొంచెం పాచి. ఏమీ మార్చలేదు."