చందా తాడుతో జాగ్రత్త: పిల్లలకి అసలు ప్రమాదం ఎక్కడుంది?

వినాయక చవితి దగ్గరికొచ్చేసింది, అందుకే ఈ ఎపిసోడ్ చందాల పిల్లల గురించి.

మాది వెలిగండ్ల. చవితికి పది రోజుల ముందు నుంచే మా వీధి పిల్లలం ఇంటింటికీ తిరిగి చందాలు అడిగేవాళ్లం. ఇళ్లయిపోయాక ఏం చేస్తామో మీకూ తెలుసు. రోడ్డెక్కి, అటొకడు ఇటొకడు తాడు పట్టుకుని బండ్లు ఆపడం. నేను ఎనిమిదో తరగతప్పుడు, చీకటి పడ్డాక, ఒక కొస నా చేతిలో ఉంది. బైక్ వస్తోంది. ఆగుతాడనుకున్నాం, ఆగలేదు. నేను వదిలేశా. అవతలివాడు తాడుని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకున్నాడు, వదల్లేకపోయాడు. తాడు హ్యాండిల్‌కి తగులుకుని వాణ్ని ఈడ్చేసింది. వాడి చెయ్యి విరిగింది. బైకాయన కూడా పడ్డాడు.

ఆ రాత్రి ఊళ్లో అందరూ తిట్టింది బైకాయన్నే. బీటెక్‌లో చేరాక లెక్కేసి చూశా. 60 స్పీడంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. కంటికి కనబడి బ్రేక్ పడేసరికి ఒకటిన్నర సెకను, అంటే 25 మీటర్లు. తర్వాత బండి ఆగడానికి ఇంకో 20 మీటర్లు. మొత్తం 45. లైటు డిమ్‌లో ఉంటే వెలుతురు పడేదే సుమారు 30, 40 మీటర్లు. ముదురు రంగు చొక్కా వేసుకున్న పిల్లాడు అంతకంటే దగ్గరికొచ్చాకే కనబడతాడు. ఇక సన్న నైలాన్ తాడు ఏం కనబడుద్ది? అది మెడకి తగిలితే ప్రాణమే పోతుంది.

అమెరికాలో అక్టోబర్ 31న హాలోవీన్. పిల్లలు వేషాలేసుకుని చీకట్లో ఇంటింటికీ వెళ్లి చాక్లెట్లు అడుగుతారు. అక్కడి అమ్మానాన్నల భయం, ఎవరైనా విషం కలుపుతారేమో అని. దీనిమీద ఏళ్ల తరబడి పరిశోధించిన జోయెల్ బెస్ట్‌కి, ముక్కూమొహం తెలియనివాళ్లు అలా పిల్లల్ని చంపినట్టు రుజువైన కేసు ఒక్కటీ దొరకలేదు. 1974లో టెక్సాస్‌లో ఒక బాబు సైనైడ్‌తో చనిపోయాడు. పెట్టింది సొంత తండ్రే, ఇన్సూరెన్స్ డబ్బు కోసం.

మరి రోడ్డు సంగతి? 1975 నుంచి 2016 దాకా 42 హాలోవీన్ సాయంత్రాలు లెక్కతీశారు. వారం ముందూ వెనకా సాయంత్రాలతో పోలిస్తే, నడిచేవాళ్లు బండి గుద్ది చనిపోయే ముప్పు 43 శాతం ఎక్కువ. 4 నుంచి 8 ఏళ్ల పిల్లలకైతే పది రెట్లు.

మనమేమైనా తక్కువా? 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలని వాట్సాప్‌లో తిప్పి, దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్లకి తగ్గించింది. మా ఇంటి గ్రూపులోకీ ఆ మెసేజ్ వచ్చింది. తాడు గురించి మాత్రం ఇప్పటిదాకా ఒక్క ఫార్వర్డ్ రాలేదు!

కాబట్టి తమ్ముళ్లూ, తాడు వద్దు. ఇళ్ల దగ్గరే అడగండి, పొద్దుండగానే. రోడ్డు పక్కన నడవాల్సొస్తే కుడి పక్కన నడవండి, ఎదురొచ్చే బండి కనబడుద్ది. తెల్లచొక్కా వేసుకోండి, ఫోన్ టార్చ్ వెయ్యండి. ఒక పెద్దమనిషి తోడుండాలి. పాతకాలంలో దసరాకి పిల్లలు విల్లంబులు పట్టుకుని పప్పుబెల్లాలకి ఇంటింటికీ తిరిగితే, పంతులుగారు కూడా వెంట నడిచేవారు కదా.

మా వీధి కమిటీతో మాట్లాడా. ఈసారి పందిరి దగ్గర క్యూఆర్ కోడ్ పెడుతున్నారు. తాడు మాత్రం నేనే తీసుకెళ్లి మా గేదెకి కట్టేశా.