కాలువ నీరు ఏ కోవకు చెందిన వస్తువు? – పల్నాడు ఆయకట్టుపై ఒక పరిశీలన

పల్నాడు రైతు కొనుగోలు చేసే మిరప విత్తనం వ్యక్తిగత వస్తువు. ధర చెల్లించనివారికి అది లభించదు. ఒకరు నాటినది మరొకరికి మిగలదు. వాతావరణ శాఖ వెలువరించే వర్షసూచన ఇందుకు భిన్నమైనది. మాచర్లలో ఒకరు విన్నందువలన నరసరావుపేటలో మరొకరికి అది తరిగిపోదు. విననీయకుండా ఎవరినీ నిరోధించలేము. ఇటువంటివి సార్వజనిక వస్తువులు. వీటి సిద్ధాంతాన్ని 1954లో పాల్ శామ్యూల్సన్ గణితబద్ధంగా ప్రతిపాదించారు.

మరి కాలువ నీటి సంగతి ఏమిటి? నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరుగగా, 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడుదలయింది. కుడి కాలువ పల్నాడులోని మెట్ట భూములను ఆయకట్టుగా మార్చింది. ప్రభుత్వ ధనంతో నిర్మితమైనందున ఈ నీటిని సార్వజనిక వస్తువుగా భావించడం పరిపాటి. అయితే వర్గీకరణకు గీటురాయి నిర్మాత ఎవరన్నది కాక, వినియోగ స్వభావం. ఎగువ తూము వద్ద అదనంగా మళ్ళిన నీరు చివరి భూములకు చేరదు. కనుక వినియోగంలో పోటీ ఉన్నది. వాటాకు మించి వాడుకునేవారిని ప్రతి తూము వద్దా రేయింబవళ్ళు నిరోధించడం దుస్సాధ్యం. ఈ రెండు లక్షణాలు కలిగినది ఉమ్మడి వనరు.

నీటితీరువాను పరిమాణాన్ని బట్టి కాక ఎకరం లెక్కన విధిస్తారు. అందువలన ఆరుతడి పంటకు నిర్దేశించిన భూమిలో వరి నాటిన ఎగువ రైతు, తాను అదనంగా వాడిన నీటికి తగిన మూల్యం చెల్లించడు. ఆ మూల్యాన్ని చివరి ఆయకట్టులోని మిరప రైతు చెల్లిస్తాడు. పూత, కాయ దశలలో తడి అందకపోతే పూత రాలి, దిగుబడి క్షీణిస్తుంది. నివారణగా బోరు వేసినా, భూగర్భ జలం కూడా ఇరుగుపొరుగువారు పంచుకునే ఉమ్మడి వనరే.

ఉమ్మడి వనరుకు నాశనం అనివార్యమని 1968లో గారెట్ హార్డిన్ వాదించారు. వినియోగదారులే నియమాలు రూపొందించుకొని, పర్యవేక్షించుకున్న చోట అట్టి వనరులు తరతరాలుగా నిలిచాయని ఎలినార్ ఆస్ట్రమ్ నిరూపించి, 2009లో నోబెల్ పురస్కారం పొందారు. స్పెయిన్‌లోని వాలెన్షియాలో రైతులు ఎన్నుకున్న పెద్దలు నేటికీ గురువారాలలో సమావేశమై నీటి తగవులు తీరుస్తారు.

మనకు 1997 చట్టం ద్వారా సాగునీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. సంఘం ఉన్నంత మాత్రాన చాలదు. ప్రతి మేజరు వద్ద నీటి కొలత, అందరికీ తెలిసే వంతుల పట్టిక, చివరి భూముల నుండి ఆరంభమయ్యే తడి, అతిక్రమణకు క్రమంగా పెరిగే జరిమానా అవసరం. చివరి ఎకరానికి నీరు చేరిన నాడే ఉమ్మడి వనరు సక్రమంగా నిర్వహింపబడినట్లు భావించాలి.