నిరీక్షణలోనే క్షీణించే బ్యాటరీ

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి సైతం 24 గంటల విద్యుత్తు సరఫరా మొదలైంది. కోతలు తగ్గితే ఇన్వర్టర్ బ్యాటరీ ఎక్కువకాలం మన్నుతుందని భావించడం సహజం. సూర్యాపేట జిల్లా అనంతగిరి వంటి వేడి ప్రాంతాల్లో అది పూర్తిగా నిజం కాదు. నిరంతరం చార్జింగులో ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీలో ధన పలకల సీసపు జాలకం క్రమంగా తుప్పుపడుతుంది, ద్రావణంలోని నీరు వాయువులుగా విడిపోయి తగ్గుతుంది. ఉష్ణోగ్రత ఈ రెండింటినీ వేగిరపరుస్తుంది. 10 డిగ్రీలు పెరిగితే ఆయుర్దాయం దాదాపు సగమవుతుందన్నది స్థూల సూత్రం. అంటే 25 డిగ్రీల వద్ద 10 ఏళ్లకు ఉద్దేశించినది 35 వద్ద 5 ఏళ్లే నిలుస్తుంది. ఇక్కడి వేసవి పగళ్లు 40 దాటుతాయి. మెట్లకింది గాలిలేని మూల సంగతి చెప్పనక్కరలేదు.

పైకి వోల్టేజి సరిగానే కనిపిస్తుంది. సామర్థ్యం 80 శాతానికి పడిపోయిందా, అంటే మార్చవలసిన దశ వచ్చిందా అన్నది, నిజమైన లోడుపై డిశ్చార్జి చేసి చూస్తేనే తెలుస్తుంది. ప్రసూతి గదికి వెలుగునిచ్చే బ్యాటరీ విషయంలో ఆ పరీక్ష కరెంటు పోయిన రాత్రికి వాయిదా పడకూడదు.