దూరదేశం పోయినోళ్ళు ఊరికి ఏమిస్తరు?

సొంత దేశం విడిచి వేరే దేశంలో ఉండేవారిని ప్రవాసులు అంటారు. ఈ మాట వింటే మనకు అమెరికా ఇంజనీర్లే గుర్తుకు వస్తారు. కాని గల్ఫుల ఇటుకలు మోసేటోళ్ళు కూడా ప్రవాసులే.

1973లో చమురు ధర బాగా పెరిగింది. ఆ డబ్బుతో గల్ఫు దేశాలు రోడ్లు, బిల్డింగులు కట్టసాగాయి. పనోళ్ళు కావలసి వచ్చి మన కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుండి ఎంతోమంది పోయిండ్రు. 2024లో ప్రవాసులు మన దేశానికి పంపిన డబ్బు సుమారు 12,900 కోట్ల డాలర్లు. ప్రపంచంలో ఏ దేశానికీ ఇంత రాలేదు.

మరి ఊర్లు ఎందుకు మారలేదు? మా కాక మస్కట్ పోయిండు. రెండేండ్లు పంపిన పైసలు ఏజెంటు అప్పుకే పోయినయి. తర్వాత ఇంటికి స్లాబు పడ్డది, అత్త పెండ్లి అయ్యింది. తండాకు మాత్రం డాక్టరు రాలేదు. ఒక్కని జీతం ఒక్క ఇంటికే సరిపోతది, అది కాక తప్పు కాదు. మా దాదికి రెండు కండ్లకు పొర వచ్చింది. కొడుకు కట్టిన కొత్త ఇంటిని చేతులతో తడిమి చూసింది. ముసలితనం అని అందరం ఊకున్నం.

ఇంకో రకం ప్రవాసులు కలరు. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1974లో అమెరికా పోయి, కంటి డాక్టరుగా పేరు తెచ్చుకుని హైదరాబాదుకు తిరిగి వచ్చారు. సినిమాలు తీసిన ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబం స్థలము, డబ్బు ఇచ్చింది. 1987లో ఆయన పేరుతోనే కంటి ఆసుపత్రి మొదలైంది. పైసలు కట్టలేనోళ్ళకు కూడా ఆపరేషన్ చేస్తరు. 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో (ఇప్పుడు నిర్మల్ జిల్లా) ఇంకొక ఆసుపత్రి పెట్టిండ్రు. తరువాత పల్లెలలో చిన్న కేంద్రాలు పెట్టిండ్రు, సుమారు 50,000 మందికి ఒకటి. అందులో కూర్చునేది పెద్ద డాక్టరు కాదు. ఆ చుట్టుపక్కల ఊర్లోళ్ళే, ఇంటర్ చదివి ట్రైనింగ్ అయిన పిల్లలు! వాళ్ళే కండ్లు చూసి అద్దాలు రాస్తరు, ఆపరేషన్ కావలసినోళ్ళను పెద్ద ఆసుపత్రికి పంపుతరు. నాకు ఇది అన్నిటికన్న నచ్చింది.

దాది కంట్ల పొర ఆపరేషనుతో పోయేదే అని ఈ వ్యాసం కోసం చదివినంకనే నాకు తెలిసింది. కాకకు ఫోన్ల చెప్పిన. "పైసలు పంపుత బిడ్డా, తోలుకపోయేదెవరు?" అన్నడు. అమ్మనాయనలకు ఆసుపత్రిల చీటీ రాయించుడు, బోర్డు చదువుడు రాదు. నాకు వస్తది.

వార్డెన్ మేడం గారూ, ఇది చదివితే నాకు దసరా సెలవులు రెండు రోజులు ముందు ఇవ్వగలరు.