పనిలేని కాలమున యాత్ర

పనిలేనివానికి యాత్ర యేల? 2023వ సంవత్సరమున మా యింటి పెద్దలు నన్నీ ప్రశ్న యడిగిరి.

నరసరావుపేటలో నా కొలువు పోకముందే, ఆ మహాశివరాత్రికి సకుటుంబముగా కోటప్పకొండకును, పిదప మాచర్ల చెన్నకేశవస్వామి గుడికిని, చంద్రవంక 70 అడుగుల యెత్తునుండి దూకు ఎత్తిపోతలకును పోవ నిశ్చయించి కొంత సొమ్ము దాచియుంటిమి. కొలువు పోగానే అంతయు మానుదమని నేనంటిని. నా భార్య మూడు ప్రశ్నలు వేసెను: తిండిగింజల సొమ్ము ముట్టవలసి యున్నదా? అప్పు చేయవలయునా? పనికై యెవరైన పిలిచినచో ఆ దినములలో పోలేకపోదుమా?

మాచర్ల ప్రయాణమునకు మూడు దినములు పట్టును, గనుక మానితిమి. ఆ సొమ్ము ఉద్యోగమునకై ఊళ్లు తిరుగుటకు దారిబత్తెమైనది. సుమారు 12 కిలోమీటర్ల దూరముననున్న కోటప్పకొండకు మాత్రము ఒక్క దినము పోయివచ్చితిమి. పిల్లలు ప్రభలను చూచి మురిసిరి. నేను రెండు నెలలుగా బయట చెప్పక దాచిన మాటను, ఆ తిరునాళ్లలో కలిసిన బంధువులకు చెప్పగలిగితిని. వెంటనే పని దొరకలేదు. కాని అడుగుటకు సిగ్గు తీరినది. మే నెలలో దొరికిన కొలువు వారిలో నొకరు చెప్పగా తెలిసినదే.

కావున పెద్దలారా! పనిలేనివాడు యాత్రకు బయలుదేరినచో ‘ఏల?’ యనకుడు. ‘ఎవరి సొమ్ముతో? ఎన్నాళ్లకు?’ అని యడుగుడు. సమాధానము సరియైనచో దీవించి పంపుడు.