ఎత్తే బలం, విసిరే బలం

ఉత్తరాంధ్ర జాతరలో సంగిడి రాయి ఎత్తి ఊరందరి చేత ఈలలు వేయించుకునే కుర్రాణ్ణి స్కాట్లండ్ తీసుకెళ్లి, అక్కడి పోటీ రాయి చేతిలో పెట్టి విసరమంటే ఏమవుతుంది? నా అంచనా, మొదటి పోటీలో వెనకబడతాడు. బలం చాలక కాదు. రాయిని ఎత్తడానికి పనికొచ్చే బలం వేరు, దాన్ని దూరం పంపే బలం వేరు.

మనకు ఎత్తడంలో పేరుంది. వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడి కథలు తాతల కాలం నుంచి వింటున్నవే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి రెండు విభాగాల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం గెలిచింది. ఆ గ్లాస్గోకు ఉత్తరాన కొండసీమలో రాయి విసరడం శతాబ్దాల నాటి ఆట. ఏరు నునుపు చేసిన బండరాయిని మెడ దగ్గర ఆనించి, ఒంటిచేత్తో ముందుకు తోస్తారు. ఏటా సెప్టెంబరు మొదటి శనివారం బ్రేమార్ ఊళ్లో జరిగే పోటీలను బ్రిటన్ రాజకుటుంబం వచ్చి చూస్తుంది. అక్కడ తేలిక రాయి 16 పౌండ్లు, బరువు రాయి 28 పౌండ్లు, అంటే దాదాపు 12.7 కిలోలు. ‘బ్రేమార్ పద్ధతి’లో పరుగు ఉండదు, నిలబడిన చోటి నుంచే విసరాలి. ‘ఓపెన్’ పద్ధతిలో ఏడున్నర అడుగుల మేర జారుతూనో తిరుగుతూనో రావచ్చు. ఒలింపిక్ షాట్‌పుట్ ఈ ఆటకు దగ్గరి చుట్టం. పురుషుల గుండు 7.26 కిలోలు, అంటే ఆ 16 పౌండ్లే.

ఇప్పుడు కాస్త లెక్క. తజిందర్‌పాల్ సింగ్ తూర్ 2023లో భువనేశ్వర్‌లో నెలకొల్పిన షాట్‌పుట్ జాతీయ రికార్డు 21.77 మీటర్లు. అంత దూరం పోవాలంటే గుండు చేతిని వదిలేటప్పుడు దాని వేగం సెకనుకు 14 మీటర్ల చుట్టుపక్కల ఉండాలి. ఆఖరి తోపులో గుండు చేతితో కలిసి కదిలేది సుమారు 1.7 మీటర్లు, పట్టే సమయం సెకనులో ఐదో వంతు. ఈ అంకెలతో లెక్కిస్తే సగటు తోపు 45 కిలోల బరువుకు సమానమని తేలుతుంది. అంతేనా అనిపిస్తుంది కదూ! నలభై అయిదు కిలోలు తలపైకి నెట్టగలవాళ్లు ప్రతి వ్యాయామశాలలో ఉంటారు. సెకనుకు 14 మీటర్ల వేగంతో పారిపోతున్న వస్తువు వెంటపడి, అది జారిపోయేలోగా అంత తోపు ఇవ్వగలిగేవాళ్లే అరుదు.

ఎందుకు అరుదో శరీరధర్మ శాస్త్రవేత్త ఏ.వి. హిల్ 1938లో కప్ప కండరాల మీద ప్రయోగాలతో చూపించాడు. కండరం ఎంత వేగంగా కుంచించుకుంటే అంత తక్కువ బలం ఇస్తుంది. బరువు నెమ్మదిగా కదిలినంత సేపు భుజం దిట్టంగానే ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ నీరసిస్తుంది. అందుకే ఒక్క భుజాన్ని నమ్ముకుంటే రాయి పోదు. తొడలు, తుంటి, నడుము, భుజం, మోచేయి, మణికట్టు వరసగా అందుకోవాలి. కింది కీలు వేగం తెచ్చాక పైకీలు దాని మీద తన వంతు కలుపుతుంది. చెయ్యి ఆఖర్న రావాలి. నేర్చుకునేవాళ్లు చేసే తప్పుల్లో ముప్పాతిక వంతు చెయ్యి తొందరపడటమే.

ఈ వరస నేర్చుకోదగ్గ తెలుగు పిల్లలు గుజరాత్‌లోని సూరత్‌లోనూ ఉన్నారు, ఆ సంగతికి వద్దాం. లింబాయత్ వైపు మగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలు ఉన్నాయి, నగరపాలిక తెలుగు మాధ్యమం బడులూ నడుపుతోంది. అక్కడి పిల్లలకు షాట్‌పుట్ ‘గోళా ఫేంక్’గా పరిచయం. 2010 నుంచి జరుగుతున్న గుజరాత్ రాష్ట్ర క్రీడలు ఖేల్ మహాకుంభ్‌లో అదీ ఒక పోటీ. నిజానికి సూరత్ పేరు మోసింది టేబుల్ టెన్నిస్‌కు. హర్మీత్ దేశాయ్ ఈ ఊరివాడే. 2022 జాతీయ క్రీడల్లో కూడా సూరత్ వంతుకు టేబుల్ టెన్నిస్, బ్యాడ్మింటన్ లాంటివి వచ్చాయి, అథ్లెటిక్స్ గాంధీనగర్‌కు పోయింది. అయినా నష్టం లేదు. టేబుల్ టెన్నిస్ బంతి 2.7 గ్రాములు, గుండు దానికి రెండున్నర వేల రెట్లకు పైనే. కానీ ఫోర్‌హ్యాండ్ కొట్టేవాడి తుంటి ముందు తిరిగి చెయ్యి వెనకాల వచ్చే తీరు చూసినవాడికి రాయి విసిరే రహస్యం సగం తెలిసినట్టే.

సాధన నిలబడి విసరడంతో మొదలవుతుంది, అంటే అచ్చం బ్రేమార్ పద్ధతి. కుడిచేతివాటం వాళ్లయితే రాయి వేళ్ల మొదళ్ల మీద కూర్చోవాలి, అరచేతి గుంటలోకి దిగకూడదు. దవడ కింద మెడకు ఆనించి, మోచేతిని పక్కకు ఎత్తి పట్టుకోవాలి. బరువంతా కుడికాలి ముని పాదం మీద, ఛాతీ వెనక్కి. అక్కడినుంచి కుడి మడమను బయటికి తిప్పాలి. మడమతో పాటు మోకాలు, తుంటి తిరుగుతాయి, ఛాతీ మాత్రం ఇంకా వెనకే ఉండాలి. ఆ ఒక్క క్షణం పొట్ట కండరాలు సాగుతాయి. సాగిన కండరం వెంటనే కుంచించుకుంటే మామూలు కన్నా బలంగా కొడుతుంది. ఎడమకాలు నేలలో పాతిన గుంజలా నిలవాలి. అది మడతపడితే కిందినుంచి వచ్చిన వేగం అక్కడే ఇంకిపోతుంది.

ఈ మడమ తిప్పడాన్ని రాయి లేకుండా, భుజాల మీద కర్ర పెట్టుకుని, అలవాటయ్యేదాకా చేయించాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటవేసి పైకి పోయినవాణ్ణి నేను చూడలేదు. తర్వాత మెడిసిన్ బంతి. మోకాళ్ల మీద కూర్చుని ఛాతీ నుంచి తోస్తే కాళ్ల సాయం లేకుండా నడుము, చెయ్యి ఎంత ఇస్తున్నాయో తేలుతుంది. రెండు చేతులతో తల మీదుగా వెనక్కి విసిరితే కాళ్ల విసురు బయటపడుతుంది. రెండోదాంట్లో దూరం పెరుగుతూ, గుండు మాత్రం ఉన్నచోటే పడుతుంటే లోపం కాళ్లలో లేదు, వరసలో ఉంది.

పోటీ బరువు కంటే కొంచెం తేలికవి, కొంచెం బరువైనవి మార్చి మార్చి విసరడం మరో పద్ధతి. తేలికది వేగం నేర్పుతుంది, బరువైనది కాళ్లను వాడక తప్పని పరిస్థితి తెస్తుంది. మరీ బరువైతే కదలికే మారిపోతుంది, అప్పుడది వేరే వ్యాయామం. 18 ఏళ్లలోపు పోటీల్లో అబ్బాయిలకు 5, అమ్మాయిలకు 3 కిలోల గుండే ఇస్తారు. పెద్దల గుండుతో పిల్లల చేత సాధన చేయించే ఉత్సాహం కొందరు మాస్టార్లకు ఉంటుంది, అది మోచేతికి చేటు. మోచెయ్యి కిందికి జారి, క్రికెట్ బంతిలా విసరడం మొదలైందంటే ఆ రోజుకు ఆపేయాలి. భుజం గీత వెనక్కి గుండు పోతే షాట్‌పుట్‌లో ఫౌల్ కూడా.

కోణం గురించి వాదనలు ఎక్కువ. 45 డిగ్రీలని పాఠ్యపుస్తకం చెబుతుంది. కానీ గుండు నేల మీంచి కాదు, రెండు మీటర్ల పైనుంచి బయల్దేరుతుంది కాబట్టి లెక్క ప్రకారం 42 చాలు. అసలు ఆటగాళ్లు ఇంకా తక్కువ కోణంలో, 37 దరిదాపుల్లో వేస్తారు. 2001లో పరిశోధకుడు నికొలస్ లింథోర్న్ దీనికి కారణం చూపించాడు. కోణం పెంచేకొద్దీ మనిషి ఇవ్వగల వేగం తగ్గుతుంది. వేగం మారకుండా 42 నుంచి 37కు దిగితే పోయేది 30 సెంటీమీటర్లు. అదే సెకనుకు ఒక మీటరు వేగం తగ్గితే పోయేది రెండున్నర మీటర్ల పైమాటే. కాబట్టి కోణమానితో కుస్తీ పట్టకుండా గడియారంతో పట్టడం మేలు.

జారడం, తిరగడం ఆ తర్వాతి పాఠాలు. విసిరే దిక్కుకు వీపు పెట్టి జారే పద్ధతితో ప్యారీ ఓబ్రయన్ 1952, 1956 ఒలింపిక్స్ గెలిచాడు. గిరగిరా తిరిగి విసిరే పద్ధతితో బారిష్నికోవ్ 1976లో 22 మీటర్లు అందుకున్నాడు. ఇప్పటి ప్రపంచ రికార్డు, రయన్ క్రౌజర్ 23.56 మీటర్లు, తిరిగి విసిరిందే. పిల్లలు వీడియో చూసి ముందు దీనికే ఎగబడతారు. నిలబడి విసరడం కుదిరాక కూడా, తిరగడం వల్ల దూరం ఓ మీటరైనా పెరగకపోతే ఇంకొన్నాళ్లు ఆగమనాలి.

రాయి విషయంలో సూరత్‌కో చిక్కుంది. తాపీ ఇక్కడికొచ్చేసరికి ఒండ్రు, ఇసుక తప్ప గుండ్రటి బండలు మోసుకురాదు. ఇనుప గుండుతో సరిపెట్టుకోవచ్చు, లేదా రాళ్లు చెక్కేవాళ్లతో కోణాలు కొట్టించుకోవచ్చు. గరుకు రాయి మెడ మీద గీసుకుపోతుంది, తువ్వాలు చుట్టుకుని మొదలుపెట్టండి. పడేచోట ఇసుక పోస్తే గుంట స్పష్టంగా కనిపిస్తుంది. కొలత ఆ గుంట దగ్గరి అంచు నుంచి, కాలు ఆనించే చెక్క లోపలి అంచు దాకా తీసుకోవాలి. టేపు వదులుగా వేలాడితే పెరిగిన అంగుళాలు మీవి కావు, టేపువి.