ఏ బిళ్ల వేసుకుంటున్నావో చెప్పు

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి అక్కడి మండలాలు. కొబ్బరి, జీడితోటల నేల అది. అక్కడ చాలామందికి కిడ్నీ జబ్బు ఉంది. అసలు కారణం ఇంకా తేలలేదు. 2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు.

తోట పనికి నడుం పట్టేస్తుంది. కొట్లో నొప్పుల బిళ్ల కొని మింగుతారు. డైక్లోఫినాక్ లాంటి బిళ్లలు రోజూ వేసుకుంటే కిడ్నీ పాడవుతుంది. జబ్బు ఉన్నవాళ్లకు మరీ చేటు.

ఆపరేషన్‌కు ముందు డాక్టరు అడుగుతారు. "అమ్మా, ఏం మందులు వాడుతున్నావు?"

"ఏం లేవు బాబూ" అనేస్తారు. నొప్పుల బిళ్ల మందు కాదా? అదీ మందే. చెప్పాలి.

ఎందుకు చెప్పాలి?

ఆస్పిరిన్ వేసుకుంటే రక్తం త్వరగా గడ్డకట్టదు. ఆపరేషన్లో రక్తం ఎక్కువ పోవచ్చు. పస్తు ఉండి సుగరు మందు వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోవచ్చు. కొన్ని స్కానింగులకు నరంలోకి మందు ఎక్కిస్తారు. దెబ్బతిన్న కిడ్నీకి అది హాని చేయవచ్చు. ముందే తెలిస్తే డాక్టరు జాగ్రత్త పడతారు.

ఏ మందుకైనా ఒంటిమీద దద్దుర్లు వచ్చాయా? అదీ చెప్పాలి. కడుపుతో ఉంటే చెప్పాలి. నాటు మందు తాగినా చెప్పాలి.

అలాగని బీపీ మందు, గుండె మందు సొంతంగా మానకూడదు. ప్రాణం మీదికి వస్తుంది. ఏది ఆపాలో డాక్టరే చెప్పాలి.

బిళ్లల అట్టలన్నీ సంచిలో వేసి తీసుకెళ్లండి. అట్టమీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. ఆశా కార్యకర్తతో చదివించుకోండి. ఆ పేరు తెలుగులో మీ చేత్తో రాసుకోండి. ఆ కాగితం డాక్టరుకు చూపించండి.